భక్షక కణముల ద్రష్ట మెచ్నికోవ్

మానవ శరీరమున రేయింబవళ్లు మెలకువతో కావలి కాయు కణములు కలవు. ముల్లు గ్రుచ్చుకొన్నచోట, పుండు పడినచోట, రోగక్రిములు చొరబడినచోట అవి మూగును. శత్రువును చుట్టుముట్టి, మ్రింగి, జీర్ణము చేసికొనును. ఈ సంగతి నేడు బడిపిల్లలకును తెలిసినదే. కాని దీనిని మొట్టమొదట గ్రహించినవాడు వైద్యుడు కాడు. సముద్రపు టొడ్డున పురుగులను, జెల్లీ చేపలను, నక్షత్రమీనములను పరీక్షించుచు యౌవనము గడిపిన జంతుశాస్త్రజ్ఞుడు. ఆయన పేరు ఇలియా ఇలిచ్ మెచ్నికోవ్. బ్రతుకుపై విసిగి రెండు మారులు మృత్యువును కోరి, రెండు మారులును బ్రతికి బయటపడి, తుదకు దీర్ఘాయువును గూర్చి లోకమునకు బోధించిన విచిత్ర పురుషుడాయన.

మెచ్నికోవ్ 1845 వ సంవత్సరము మే 15 వ తేదీన, నాటి రష్యా సామ్రాజ్యమునకు చెందినదియు, నేడు ఉక్రెయిన్ దేశమున నున్నదియు నగు ఖార్కొవ్ ప్రాంతమున, ఇవానోవ్కా గ్రామమున జన్మించెను. తండ్రి చక్రవర్తి అంగరక్షక దళమున పనిచేసిన సైనికోద్యోగి. తల్లి ఎమిలియా, యూదు రచయిత యగు లేవ్ నెవాఖోవిచ్ కుమార్తె. ఐదుగురు సంతానములో ఇలియా కడగొట్టువాడు. ఎనిమిదేండ్ల ప్రాయముననే చెట్లను, పురుగులను గూర్చి వివరములు వ్రాసికొనెడివాడు. తోడి పిల్లలను కూర్చుండబెట్టి, తన చేతి డబ్బులు వారికి లంచముగా ఇచ్చి, ప్రకృతి శాస్త్రముపై ఉపన్యాసములు వినిపించెడివాడట. పెద్దవాడైన పిదప వైద్యము చదువవలెనని తలచెను. పరుల బాధను చూచి ఓర్వలేని సుకుమార హృదయునకు ఆ వృత్తి తగదని తల్లి వారించెను. అందుచే ఖార్కొవ్ విశ్వవిద్యాలయమున ప్రకృతి శాస్త్రములలో చేరి, నాలుగేండ్ల చదువును రెండేండ్లలో ముగించి, 1864 లో పట్టము పుచ్చుకొనెను.

పిమ్మట ఆయన జర్మనీకి పోయెను. 1865 లో గీసెన్ నగరమున నేలపై ప్రాకు ఒక చదునైన పురుగును సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించుచుండగా ఒక వింత కంటబడెను. పెద్ద జంతువులలో ఆహారము కడుపులో ఊరు రసములచే కరగి, తరువాత కణములకు చేరును. ఈ పురుగులోనో, ప్రేగు గోడయందలి కణములే ఆహారపు తునుకలను ఎత్తి మ్రింగి తమ లోపలనే అరిగించుకొనుచున్నవి. అచట కణమే నోరు, కణమే పొట్ట. ఇరువదియేండ్ల యువకుడు చూచిన ఈ చిన్న సంగతి పదునేడేండ్లపాటు ఆయన మనస్సున మొలకెత్తని విత్తనమువలె పడియుండెను.

నేపుల్స్ సముద్రతీరమున అలెగ్జాండర్ కొవలేవ్స్కీతో కలిసి పనిచేసి, వెన్నెముక లేని ప్రాణుల పిండముల పెరుగుదలను గూర్చి చేసిన పరిశోధనలకు ఆయన 1867 లో బేర్ పేరిట బహుమానము పొందెను. ఆ యేడే ఒడెస్సా విశ్వవిద్యాలయమున ఉపాధ్యాయుడయ్యెను. 1870 లో అచటనే ఆచార్య పదవి లభించెను.

కీర్తి వచ్చినంత సులువుగా సుఖము రాలేదు. 1869 లో లుద్మిలా ఫెదరోవిచ్ అను యువతిని ఆయన వివాహమాడెను. ఆమె క్షయరోగి. నడచి పోవు శక్తి లేనందున పెండ్లికూతురిని కుర్చీలో కూర్చుండబెట్టి చర్చికి మోసికొనిపోయిరి. నాలుగేండ్లు ఆమెను బ్రతికించుకొనుటకై ఆయన వెచ్చని దేశముల వెంట తిరిగెను, రాత్రులు అనువాదములు చేసి డబ్బు కూడబెట్టెను, కండ్లు చెడగొట్టుకొనెను. 1873 ఏప్రిల్ 20 న మదీరా ద్వీపమున ఆమె కన్నుమూసెను. తిరిగి వచ్చు త్రోవలో మెచ్నికోవ్ ప్రాణత్యాగమునకు పూనుకొని, దైవికముగా బ్రతికెను. ఆ దినములలోనే ఒక రాత్రి జెనీవా నగరమున వంతెనపై దీపము చుట్టును గుంపులుగా తిరుగుచున్న రెక్కల పురుగులు ఆయన కంటబడెను. ఇంత అల్పాయువైన ఈ ప్రాణులకు డార్విన్ సూత్రము ఎట్లు అన్వయించునా యని ఆలోచన తగులుకొనెను. ఆ ప్రశ్నతోపాటు బ్రతుకుపై ఆసక్తియు మరలివచ్చెను.

1875 లో ఆయన తన ఇంటి పై అంతస్తున కాపురమున్న కుటుంబమునకు చెందిన ఓల్గా బెలొకొపీతొవాను వివాహమాడెను. ఆమె అప్పటికి చదువుకొనుచున్న బాలిక. తరువాతి నలువదేండ్లును ఆమె ఆయనకు సహచరి, శిష్యురాలు, తుదకు జీవిత చరిత్రకారిణి. 1880 లో ఓల్గాకు టైఫాయిడ్ జ్వరము వచ్చి ప్రాణము మీదికి తెచ్చెను. ఆమె కోలుకొన్నను, ఇంటి దిగులు, విశ్వవిద్యాలయపు కలహములు కలిసి మెచ్నికోవ్ మనస్సును మరల క్రుంగదీసెను. 1881 లో ఆయన తిరుగబెట్టు జ్వరముతో బాధపడువాని రక్తమును తన శరీరమున ఎక్కించుకొనెను. ఆ జ్వరము రక్తము ద్వారా సోకునా లేదా అని తెలిసికొనుట ఒక ఉద్దేశము. తెలిసికొనుచు చనిపోయినను మంచిదే యనుట రెండవ ఉద్దేశము. జ్వరము సోకునని తేలెను, ఆయన బ్రతికెను.

అదే సంవత్సరమున జారు చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ హత్య జరిగెను. విశ్వవిద్యాలయములపై ప్రభుత్వపు నిర్బంధము పెరిగెను. 1882 లో మెచ్నికోవ్ ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చి, భార్యను, ఆమె చిన్న తమ్ములను చెల్లెండ్రను వెంటబెట్టుకొని సిసిలీ ద్వీపమందలి మెసీనా నగరమునకు పోయెను. సముద్రమునకు ఎదురుగా అద్దె ఇల్లు. ముందరి గదియే ప్రయోగశాల.

డిసెంబరు నెలలో ఒకనాడు ఇంటిలోనివారందరు సర్కసులో కోతుల ఆటలు చూడబోయిరి. మెచ్నికోవ్ ఒంటరిగా నక్షత్రమీనపు డింభకములను పరీక్షించుచుండెను. ఆ డింభకములు గాజువలె పారదర్శకములు. లోపల తిరుగు కణములు స్పష్టముగా కనిపించును. వాటిని చూచుచుండగా తటాలున ఒక తలపు మెరసెను. ఆహారమును మ్రింగు ఇట్టి కణములే శరీరమున చొరబడిన శత్రువులను కూడ మ్రింగి కాపాడుచున్నవేమో! గీసెన్ లో చూచిన పురుగు పదునేడేండ్ల తరువాత ఈనాడు అర్థమయ్యెను. అట్లయినచో డింభకమున ముల్లు గ్రుచ్చిన చాలును, ఈ కణములు దాని చుట్టును మూగవలెను. కొద్ది దినముల క్రిందట పిల్లలకొరకు క్రిస్మస్ చెట్టుగా నారింజ మొక్కను అలంకరించిన పెరటిలోనికి పోయి, గులాబి ముండ్లు కోసి తెచ్చి డింభకములలో గ్రుచ్చెను. ఆ రాత్రి ఆయనకు నిదుర లేదు. తెల్లవారుచుండగనే లేచి చూచెను. ముల్లు చుట్టును కణములు గుమిగూడి యుండెను.

జంతుశాస్త్రజ్ఞుడుగా నున్నవాడు ఆ తెల్లవారుజామున రోగనిరోధ శాస్త్రజ్ఞుడయ్యెను. 1883 లో వియన్నా నగరమున క్లౌస్ అను ఆచార్యుడు, ఆయన సహచరులు గ్రీకు భాషనుండి ఈ కణములకు ఫాగోసైట్ అను పేరు కూర్చి యిచ్చిరి. భక్షక కణమని దాని భావము. ఇట్టివానిలో పెద్దవానికి మాక్రోఫేజ్, అనగా మహాభక్షకము, అని మెచ్నికోవ్ తానే పేరు పెట్టెను. 1884 లో డాఫ్నియా అను నీటిపురుగులో శిలీంధ్ర బీజములకును భక్షక కణములకును జరుగు పోరును వర్ణించెను. కణములు గెలిచినచో పురుగు బ్రతుకును, బీజములు గెలిచినచో చచ్చును.

ఆయన చూచినది గొప్ప దృశ్యము. కాని ఆ దృశ్యమున ప్రధాన పాత్ర వహించినది నాటి సూక్ష్మదర్శినికి అందలేదు. అది కణమును చుట్టియున్న పొర. దానినే కణత్వచమందురు. జంతుకణమునకు గట్టి గోడ లేదు. కొవ్వు అణువులతో అల్లిన మిక్కిలి పలుచని త్వచమే దానికి ఎల్ల, అదియే దానికి ద్వారము. ఈ కొవ్వు రెండు వరుసలుగా పరచుకొనియుండునని 1925 లో హాలెండు దేశమున గోర్టర్, గ్రెండెల్ అను శాస్త్రజ్ఞులు ఎఱ్ఱ రక్తకణములపై చేసిన పరిశోధనలవలన సూచించిరి. భక్షక కణము క్రిమిని తాకినంతనే త్వచము గిన్నెవలె వంగి, అంచులు పైకి చాచి, క్రిమిని కప్పి, సంచిగా మూసికొని లోపలికి జారును. ఆ గిన్నె ఏర్పడుచోట, త్వచమందలి కొవ్వులలో నూటికి ఒక పాలు మాత్రమే యుండు ఒక అరుదైన అణువు క్షణకాలము పోగుపడి, కణములోని సన్నని తంతువులను అచటికి రప్పించి అంచులను పైకి నెట్టించును. గిన్నె మూతపడు వేళకు అది మాయమగును. మాయము కానిచో మ్రింగుట పూర్తి కాదు. 2000 వ సంవత్సర ప్రాంతమున టొరాంటో నగరమున జరిగిన పరిశోధనలలో ఈ రహస్యము కంటికి కనిపించెను. మెచ్నికోవ్ ఆకలిని చూచెను. పెదవుల కదలికను చూచుటకు లోకము నూరేండ్లకు పైగా వేచియుండవలసి వచ్చెను.

నాటి పండితులకు ఆకలి మాటయే మింగుడుపడలేదు. తెల్ల రక్తకణములు క్రిములను చంపవు సరికదా, మోసికొనిపోయి శరీరమంతట వ్యాపింపజేయునని వారి నమ్మకము. జర్మన్ వైద్య పితామహుడు విర్కోవ్ మెసీనాకు వచ్చినప్పుడు ప్రయోగములు చూచి మెచ్చుకొని, జాగ్రత్తగా అడుగు వేయుమని హెచ్చరించిపోయెను. 1886 లో ఒడెస్సాలో స్థాపింపబడిన సూక్ష్మజీవి పరిశోధనాలయమునకు మెచ్నికోవ్ అధిపతి యయ్యెను గాని, అచటి విరోధములు భరింపలేక 1888 లో దేశము విడిచెను. బెర్లిన్ లో కాక్ ఆయనను చల్లగా చూచెను. పారిస్ లో పాశ్చర్ రెండు చేతులు చాచి ఆహ్వానించెను. ఆ యేడు నవంబరులో తెరచిన పాశ్చర్ సంస్థలో ఆయనకు ఒక ప్రయోగశాల లభించెను. కడవరకు అదియే ఆయనకు ఇల్లు.

భారతదేశమునకు కలరా టీకాను, ప్లేగు టీకాను తెచ్చిన హాఫ్‌కిన్ ఒడెస్సాలో మెచ్నికోవ్ శిష్యుడే. గురువు వెనుకనే పారిస్ చేరి, 1893 లో మన దేశమునకు వచ్చి, 1897 లో బొంబాయిలో ప్లేగు టీకాను మొదట తన దేహముపైననే పరీక్షించుకొనెను. గురువును అట్టివాడే. 1892 లో కలరా క్రిములను తానే త్రాగి చూచినవాడు.

పారిస్ చేరిన రెండేండ్లకే అసలు యుద్ధము మొదలయ్యెను. 1890 లో బేరింగ్, కిటసాటో అనువారు రోగవిషమును విఱుచు పదార్థములు రక్తపు నీటిలో కలవని నిరూపించిరి. శరీరమును కాపాడునది కణము కాదు, రక్తరసమని జర్మన్ పండితులు వాదించిరి. 1894 లో ఫైఫర్, భక్షక కణముల సహాయము లేకయే కలరా క్రిములు కరగిపోవుటను చూపెను. మరుసటి యేడు ఆ కరగుటకు కారణమైన రక్తపదార్థమును కనుగొన్న బోర్డే, మెచ్నికోవ్ ప్రయోగశాలలోని శిష్యుడే యగుట విశేషము. మెచ్నికోవ్ శిష్యుని ఆపలేదు. తన వాదమును విడువలేదు. 1901 లో రోగనిరోధ శక్తిపై ఇరువదియేండ్ల కృషిని పెద్ద గ్రంథముగా వెలువరించెను. 1903 లో ఇంగ్లండున రైట్, డగ్లస్ అనువారు సంధి కుదిర్చిరి. రక్తరసమునందలి పదార్థములు క్రిములను అంటి, భక్షక కణములకు రుచికరముగా చేయునని వారు చూపిరి. వండునది ఒకరు, తినునది ఒకరు. 1908 లో మెచ్నికోవ్ కును, రక్తరస పక్షమునకు నాయకుడైన ఎర్లిక్ కును నోబెల్ బహుమానము చెరి సగముగా లభించెను. ఆ డిసెంబరు 28 న మహా భూకంపమున మెసీనా నగరము నేలమట్టమయ్యెను.

వయస్సు పైబడినకొలది మెచ్నికోవ్ దృష్టి వార్ధక్యము వైపు మరలెను. పెద్దప్రేగున క్రుళ్లు పుట్టించు సూక్ష్మజీవులు విషములను వెలువరించుననియు, ఆ విషములకు సొమ్మసిల్లిన మెదడు కణములను, వెండ్రుకల రంగును మాక్రోఫేజ్ లే తినివేయుననియు ఆయన తలచెను. కాపాడు కణమే తుదకు కబళించునని ఆయన భయము. దీనికి విరుగుడుగా పులియబెట్టిన పాలు పుచ్చుకొనుమని బోధించెను. బల్గేరియా రైతులు పెరుగు తిని చిరకాలము బ్రతుకుచున్నారని విని, తానును దినదినము పుల్లని పాలు సేవించెను. మన ఇండ్లలో తరతరములుగా నున్న పెరుగు ఐరోపా మందుల దుకాణములకు ఎక్కినది ఆయన మాటవలననే. వెండ్రుకలు నెరయుటకు కారణము మాక్రోఫేజ్ లు కావని నేడు తెలియును. ప్రేగులోని సూక్ష్మజీవులను గూర్చిన ఆయన ప్రశ్న మాత్రము నేటికిని పరిశోధకులను వెంటాడుచునే యున్నది.

ఆయన వార్ధక్య సిద్ధాంతము తప్పు త్రోవననే నడచి ఒక గొప్ప సత్యమును చేరెను. దానిని పరీక్షింపగోరి పీటర్స్‌బర్గ్ సైనిక వైద్య విద్యాలయమున ఇగ్నటోవ్స్కీ 1908 లో కుందేళ్లకు మాంసము, గ్రుడ్లు, పాలు తినిపించెను. వాటి రక్తనాళములు గట్టిపడెను. మాంసకృత్తులే దోషులని ఆయన తలచెను. 1913 లో అదే విద్యాలయమున అనిచ్కొవ్, ఖలాటొవ్ అను యువకులు అసలు దోషిని పట్టిరి. గ్రుడ్డు సొనలోని కొలెస్టరాల్ ను ప్రొద్దుతిరుగుడు నూనెలో కరగించి పెట్టిన చాలును, కుందేళ్ల నాళములు పాడగుచుండెను. ఆ గోడలలో కొవ్వు బొట్లతో ఉబ్బి, నురుగువలె కనిపించు కణములు పేరుకొనియుండెను. అవి మరేవియు కావు. మెచ్నికోవ్ పేరు పెట్టిన మహాభక్షకములే. సరిగా ఆ 1913 లోనే మెచ్నికోవ్ కు మొదటి గుండె పోటు వచ్చెను.

భక్షకము ఎందుకట్లు ఉబ్బును? దాని తిండి గొప్పదే గాని, తిన్నదంతయు అరుగదు. మాంసకృత్తులను, చక్కెరలను అది ముక్కలు చేయగలదు. కొలెస్టరాల్ అణువులోని వలయములను విఱుచు శక్తి మాత్రము మానవ కణమునకు లేదు. చచ్చిన కణము నొకదానిని మ్రింగినప్పుడెల్ల దాని త్వచమందలి కొలెస్టరాల్ అంతయు తన నెత్తిన పడును. ఇంటిలో అది లేకయు గడవదు. త్వచమునకు బిగువు నిచ్చునది అదియే. తక్కువైన త్వచము వదులగును, ఎక్కువైన బిగుసుకొని కణమే చెడును. అందుచే ప్రతి భక్షక కణమును లోపల ఒక లెక్క నడుపుకొనుచుండును. కొలెస్టరాల్ తక్కువైనప్పుడు తయారుచేయు జన్యువులు తెరచుకొనును. ఎక్కువైనప్పుడు అవి మూతపడి, బయటికి పంపు జన్యువులు తెరచుకొనును. ఈ లెక్కయందలి ముఖ్య సూత్రములను అమెరికాలో డాలస్ నగరమునకు చెందిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్ కనుగొనిరి. కొలెస్టరాల్ పరిశోధనలకే 1985 లో వారికి నోబెల్ బహుమానము లభించెను.

బయటికి పంపు ద్వారము చెడినచో ఏమగునో అమెరికా తూర్పు తీరమున టాంజియర్ అను చిన్న దీవిలోని పిల్లల యందు మొదట కనిపించెను. వారి గొంతులోని టాన్సిల్స్ నారింజ రంగున నుండెను. కొలెస్టరాల్ ను దింపుకొనలేని మాక్రోఫేజ్ లు అందు నిండియుండెను. ఆ ద్వారమునకు చెందిన జన్యువు 1999 లో దొరకెను.

ఈ లెక్క ఆరోగ్యమునకే కాదు, యుద్ధమునకును కావలయును. కొన్ని సూక్ష్మజీవుల విషములు త్వచమందలి కొలెస్టరాల్ ను పట్టుగా చేసికొని కన్నము వేయును. క్రిమి వచ్చెనన్న హెచ్చరిక అందినంతనే మాక్రోఫేజ్ కొంత కొలెస్టరాల్ కు ఒక ఆమ్లజని పరమాణువును చేర్చి కొత్త అణువును చేయును. ఆ అణువు తన త్వచమునను, ఇరుగుపొరుగు కణముల త్వచములందును విడిగా చేతికందునట్లున్న కొలెస్టరాల్ ను లోపలికి తీయించును. దొంగ వచ్చుననగా గోడకు ఆనించిన నిచ్చెనను ఇంటిలోనికి లాగికొనిన గృహస్థువలె, విషమునకు పట్టు దొరకకుండ చేయును. 2020 లో వెలువడిన పరిశోధనలు దీనిని వెల్లడించెను. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనన్న సామెత కణమునకును వర్తించును. తన పొరను తాను చక్కబెట్టుకొనలేని భక్షకము శత్రువును గెలువలేదు సరికదా, తానే శత్రువగును.

కాపాడు కణమే కబళించునన్న మెచ్నికోవ్ భయము కారణములలో పొరబడినను, ఊరక పోలేదు. అది కబళించుచోటు వెండ్రుక కాదు, రక్తనాళము. 1914 లో వచ్చిన మహాయుద్ధము ఆయనను క్రుంగదీసెను. ప్రయోగశాలలోని యువకులందరు సైన్యమునకు పోయిరి. గుండె జబ్బు ముదిరెను. కడపటి దినములలో ఆయనను పాశ్చర్ నివసించిన గదులకు చేర్చిరి. మరణ భయము తనకు లేదని, తన జబ్బునే ఒక ప్రయోగముగా గమనించుచు, తన శరీరమును కోసి పరీక్షింపుమని మిత్రుడైన వైద్యునకు అప్పగించి, 1916 జులై నెలలో డెబ్బదియొకటవ యేట ఆయన కన్నుమూసెను.

ఆయన చితాభస్మమును పాశ్చర్ సంస్థ గ్రంథాలయమున ఒక పాత్రలో భద్రపరచిరి. యౌవనమున బ్రతుకు వలదనుకొన్న మనిషి, ఒక దీపము చుట్టు తిరుగు పురుగుల మూలమున నిలిచి, ఒక గులాబి ముల్లుతో మనలోని కావలివాండ్రను లోకమునకు చూపెను. ఆ కావలివాండ్ర ఆకలిని ఆయన చెప్పెను. వారి అజీర్ణమును, ఆ అజీర్ణమును సరిదిద్దుకొను నేర్పును తరువాతివారు చెప్పుచున్నారు.